ధర్మవరం చీరతో 2010ల నాటి లాంగ్ ఫ్రాక్: అనంతపురం కుట్టు డైరీ

పని ఇది. బీరువాలో పాతబడిన ధర్మవరం పట్టుచీరతో, 2010ల్లో పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు వేసుకున్న నేలజీరాడే లాంగ్ ఫ్రాక్ కుట్టాలి. షరతు ఒకటే. చీర అంచు చీరలో ఎట్లుందో ఫ్రాక్ కింద కూడా అట్లే ఉండాలి. కోసి మళ్లీ అతికించింది కాకూడదు.

ఆ దశాబ్దం మొదట్లో అంబ్రెల్లా కట్ (గొడుగులా గుండ్రంగా కోసేది) అనార్కలీ, కింద లెగ్గింగ్. నడుమ పలాజోలు వచ్చాయి, 2016-17 ప్రాంతంలో కోల్డ్ షోల్డర్. వీటన్నిటి పక్కనే పట్టుచీరల లాంగ్ ఫ్రాక్ నడిచింది, ఇప్పటికీ అడుగుతున్నారు. జార్జెట్‌కు కుదిరిన అంబ్రెల్లా కటింగునే పట్టుకూ వేసి ఆ రోజుల్లో మంచి మంచి చీరలు పాడుచేశారు. అందుకే ఈసారి ప్రతి కొలతా రాసి పెడుతున్నాం.

కొలతలు: ఛాతీ 36, నడుము 32, భుజం నుంచి నడుము దాకా 15, మొత్తం పొడవు 54. అన్నీ ఇంచుల్లోనే. అంటే నడుము కింద ఘేర్ (కింది వదులు భాగం) పొడవు 39.

1వ రోజు: చీర పరీక్ష

చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే 216 ఇంచులు. పన్నా 46. కింది అంచు 9 ఇంచులు, పై అంచు మూడున్నర. పల్లూ 38 ఇంచులు పోతే ఒంటి భాగం 178 మిగిలింది. జాకెట్ ముక్క ఎప్పుడో వాడేశారు. బరువు 740 గ్రాములు.

కత్తెర పట్టకముందు చూడాల్సినవి మడతలు. పట్టుచీర ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ గీత వెంబడి పోగులు అలిసిపోతాయి. పైకి బాగానే కనిపిస్తుంది, కుట్టిన తర్వాత మొదటిసారి కూర్చున్నప్పుడే చిట్లుతుంది. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. తర్వాత మడతకు అటొక బొటనవేలు, ఇటొక బొటనవేలు పెట్టి మెల్లగా లాగండి. చిన్న చిటచిట శబ్దం వినిపించినా, పోగుల నడుమ వెలుగు కనిపించినా ఆ చోట చాక్‌తో గీత గీసేయండి. ఈ చీరలో అడ్డమడత ఒకటి, పల్లూ చివరి నుంచి 94 ఇంచుల దగ్గర, పోయింది. నిలువునా పొడవంతా పోయే నడిమి మడత మాత్రం గట్టిగానే ఉంది. ఆ నడిమి మడతే చిట్లి ఉంటే ఈ పనికి దిగేవాళ్లం కాదు, ఎందుకంటే అది ఫ్రాక్ చుట్టూ మోకాళ్ల దగ్గర ఒక వలయంలా తిరుగుతుంది.

చిట్లిన చోట ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అతికే లోగుడ్డ) అతికిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. సరిపోదు. అతికిన పట్టీ బిరుసవుతుంది, దాని పక్కన మెత్తగా ఉన్న పట్టు కొత్తగా చిట్లుతుంది. ఆ గీతను కటింగులో తప్పించడమే దారి.

రంగు పరీక్షకు తెల్ల గుడ్డ తడిపి అంచు వెనకవైపు రెండు నిమిషాలు అదిమాం. ఎరుపు దిగింది. కాబట్టి నీళ్లు తగలకూడదు, స్టీమ్ ఇస్త్రీ కూడా వద్దు. జరీకి ఇస్త్రీ పరీక్ష పల్లూ చివరి కుచ్చుల దగ్గర చేశాం. ప్లాస్టిక్ జరీ అయితే వేడికి ముడుచుకుపోతుంది. ఇది ముడుచుకోలేదు. తెగిన కొస విప్పితే లోపల ఎర్రటి పట్టుపోగు, చుట్టూ రేకు కనిపించింది.

2, 3, 4 రోజులు: అంబ్రెల్లా ఎందుకు వద్దో తేల్చుకోవడం

పట్టు ముట్టకుండా ముందు చౌక జార్జెట్ మీద పూర్తి అంబ్రెల్లా ఒకటి కోసి చూశాం. లెక్క తెలిసిందే: లూజుతో కలిపి నడుము 34, దాన్ని 6.28తో భాగిస్తే 5.4. నడుము గుండ్రానికి అదే వ్యాసార్ధం. జార్జెట్ క్రాస్‌లో, అంటే పోగులకు ఏటవాలుగా, సాగుతుంది కాబట్టి 5కే కోశాం. 39 పొడవు, 5 కలిపితే 44 పన్నా అంతా అయిపోతుంది, కుట్టుకు చోటు మిగలదు. పొడవు 38కి తగ్గించాం. ఆ రోజుల్లో చాలా అంబ్రెల్లా ఫ్రాకులు మడమకు పైనే ఆగిపోవడానికి, లేదంటే కింద మూలలో చిన్న అతుకు కనిపించడానికి కారణం ఈ పన్నాయే.

కోసింది నడుము దగ్గర క్లిప్పులు పెట్టి రెండు రోజులు వేలాడదీశాం. తర్వాత నేల నుంచి కొలిస్తే, నిలువు పోగు ఉన్న చోట పావు ఇంచు దిగింది, క్రాస్ ఉన్న నాలుగు చోట్ల ఒకటీ ముప్పావు దిగింది. షాపుల ముందు కొలాప్సిబుల్ గేటు లాగితే దాని గళ్లు పొడుగ్గా సాగి సన్నబడతాయి కదా, క్రాస్‌లో బట్ట చేసేది అదే. పోగు సాగదు, పోగుల మధ్య కోణం మారుతుంది. వేలాడదీయకుండా మడతకుట్టు వేసిన అనార్కలీ నెల తిరక్కముందే నాలుగు మూలలు కిందికి దిగి అలలు అలలుగా కనిపించేది ఇందువల్లే. జార్జెట్‌తో కుట్టేవాళ్లకు మాట ఒకటే: రెండు రోజులు వేలాడదీయండి, నేల నుంచి స్కేలు పెట్టి గీసి కోయండి, ఆ తర్వాతే పీకో. కింది చుట్టుకొలత 270 ఇంచులు వస్తుంది, లేసు ఏడు మీటర్లు తెచ్చుకోండి.

ఇప్పుడు అంచు సంగతి. పని నేర్చుకుంటున్న అమ్మాయి అడిగిన మాట, ప్రతి కొత్తవాళ్లూ అడిగేదే: "అక్కా, చీర అంచు కోసి పక్కన పెట్టి, ఒంటి భాగం గుండ్రంగా కోసి, ఆ అంచు తెచ్చి కింద కుట్టుకుంటే కాదా?" దానికి జవాబు లెక్కలోనే ఉంది. అంచు తిన్నని పట్టీ, పైఅంచూ కిందఅంచూ ఒకే పొడవు. గుండ్రంలో అట్లుండదు. 9 ఇంచుల వెడల్పు పట్టీ పూర్తి గుండ్రం తిరగాలంటే కిందివైపు, పైవైపు కంటే 9 × 6.28, అంటే యాభై ఆరున్నర ఇంచులు ఎక్కువ కావాలి. పొడవు ఎంతైనా, నడుము ఎంతైనా ఈ తేడా మారదు. "ఆ యాభై ఆరున్నర యాడ నుంచి తెస్తావు పాపా?" తెచ్చే చోటు లేదు. కాబట్టి పైవైపు ముడతలు పడుతుంది, కిందివైపు గొట్టంలా లోపలికి తిరుగుతుంది. సన్న అంచైతే, అర ఇంచు లేసైతే, తేడా మూడు ఇంచులే కాబట్టి ఇస్త్రీతో సర్దుకుంటుంది. ధర్మవరం అంచు సర్దుకోదు.

5వ రోజు: కలీల లెక్క

అంచు తిన్నగా ఉండాలి, నడుము దగ్గర మందం తగ్గాలి. ఊరికే 178 ఇంచుల బట్టను 34 నడుముకు కుచ్చులు పెడితే ఐదింతలు దాటుతుంది, పట్టుకు అది చాలా ఎక్కువ. కుచ్చుల కింద నడుము పీపాలా ఉబ్బుతుంది. మందపాటి పట్టుకు మూడింతలు దాటకూడదు, రెండింతల లోపు ఉంటే ఇంకా అందం.

అందుకని 9 కలీలు, అంటే కింద వెడల్పుగా, పైన సన్నగా కోసే నిలువు ముక్కలు. ఒక్కో కలీ కింద 18, పైన 8, ఎత్తు 40. కింద అంచు చీరదే, కోతే లేదు. ఎత్తులో అర ఇంచు నడుము కుట్టుకు, అర ఇంచు సర్దుబాటుకు. పక్కకుట్లు అటూ ఇటూ అర ఇంచు పోతే కింద 17 × 9 = 153 ఇంచుల ఘేర్, పైన 7 × 9 = 63. అరవై మూడును ముప్పై నాలుగుకు తేవడం సులువు.

ఇక్కడ చాలామంది వదిలేసే చిన్న సంగతి ఉంది. కలీ పక్కగీత ఏటవాలుగా పోతుంది కాబట్టి నడిమి ఎత్తు కంటే పొడవెక్కువ. నడిమి ఎత్తు ముప్పై తొమ్మిదిన్నర అయితే, ఒక్కో పక్క 5 ఇంచుల వాలుకు పక్కగీత 39.8 వస్తుంది. ఆ 0.3 ఇంచు సరిచేయకపోతే తొమ్మిది కుట్ల దగ్గరా తొమ్మిది కొసలు కిందికి దిగుతాయి. కింద కోయడానికి లేదు, అంచు ఉంది. కాబట్టి పైన కోయాలి. కలీ తలను తిన్నగా కాకుండా, నడుమ ఎత్తుగా, రెండు చివర్లా 0.3 ఇంచు దించి చిన్న వంపు గీయాలి. అట్ట మీద ఒక్కసారి ఈ కలీ గీసి కోసి పెట్టుకుంటే తొమ్మిదీ ఒకేలా వస్తాయి.

చిట్లిన మడత 94 దగ్గర ఉందన్నాం కదా. కలీలకు 18 × 9 = 162 పోతే మనకు 178లో 16 ఇంచులు మిగులు ఉంది. పల్లూ వైపు కొంత వదిలి మొదలుపెట్టి, ఆ గీత సరిగ్గా మూడో కలీకీ నాలుగో కలీకీ నడుమ పడేట్టు జరిపాం. కింద అది కుట్టు మార్జిన్‌లో పోయింది, పైన కలీల మధ్య రాలే త్రికోణంలో పోయింది.

రెండు అంచులూ సమానంగా ఉన్న చీరైతే ఒక కలీ నిటారుగా, ఒకటి తలకిందులుగా పేర్చి ఇంకో మూడు నాలుగు కలీలు రాబట్టవచ్చు. కానీ ఒంట్లో బుట్టాలు ఉంటే అవి తలకిందులవుతాయి, రెండు రంగుల నీడ చీరైతే పక్కపక్క కలీలు రెండు చీరల్లా కనిపిస్తాయి. ఏమీ లేని ఒకే రంగు ఒంటికే ఆ పద్ధతి.

6వ రోజు: కోత

చీరను నేల మీద దుప్పటి పరిచి కోశాం. టేబుల్ మీద వేలాడితే బరువుకు లాగేసి గీత వంకర పోతుంది. గుండుసూదులు మార్జిన్ లోపలే గుచ్చాలి, పట్టులో పడిన రంధ్రం పూడదు. ఒక్కో పొరే కోయాలి, మడతేసి రెండు పొరలు కోస్తే కింది పొర జారి అంచు జరీ గీతలు కలవవు.

కోసిన పూటే ఓవర్‌లాక్ చేయించాం. ఒక రాత్రి వదిలినా పక్కల నుంచి పోగులు పావు ఇంచు దాకా ఊడుతాయి, మన అర ఇంచు మార్జిన్ సగమవుతుంది.

పైన మిగిలిన 6 ఇంచుల పట్టీ, మూడున్నర అంచుతో సహా, చేతుల అంచుకు, నడుము పట్టీకి. త్రికోణాలు మెడకు క్రాస్ పైపింగ్‌కు.

పల్లూ 38 × 46లో బాడీ, అంటే నడుము పై భాగం. రెండు వరసల్లో పెట్టాం: పై వరసలో ముందు భాగం 22 వెడల్పు, కింది వరసలో వెనక రెండు ముక్కలు చెరో 12. ఒక్కో వరస పదహారున్నర ఎత్తు, రెండూ కలిపి 33. పల్లూ జరీ గీతలు ముందూ వెనకా పక్కకుట్టు దగ్గర కలవాలి కాబట్టి చంక కింది బిందువును రెండింట్లోనూ ఒకే రకం గీత మీద పెట్టుకోవాలి.

7వ రోజు: ట్రయల్ బాడీ

దీన్ని తప్పించకండి. పాత కాటన్ గుడ్డతో బాడీ కుట్టి వేసి చూశాం. ఛాతీ డాట్ ముప్పావు ఇంచు కిందికి దింపాల్సి వచ్చింది, భుజం పావు తగ్గింది. కాటన్‌లో ఇది ఐదు నిమిషాల పని. పట్టులో కుట్టు విప్పితే సూది గుర్తులు వరసగా మిగిలిపోతాయి, జరీ మీదైతే రేకు తెగి మరీ కనిపిస్తుంది. పక్కల లోపల ఒకటిన్నర ఇంచు మార్జిన్ వదిలాం, రేపు వదులు చేయాలంటే ఉండాలి.

8 నుంచి 11వ రోజు: మెడకు మగ్గం

బోట్ నెక్, వెనక 7 ఇంచుల లోతు, డోరీలు, లట్కన్లు. ఆ కాలం ముద్ర అదే. బాడీ ఆకారంలో కోయకముందే మగ్గం పని చేయించాలి. పల్లూ ముక్క మీద మెడ, భుజం, చంక గీతలు దారంతో టాకా (వదులు చేతికుట్టు) వేసి, చుట్టూ 2 ఇంచులు వదిలి చట్రానికి బిగించాం. చాక్ గీత చేతుల రాపిడికి నాలుగు రోజుల్లో చెరిగిపోతుంది, అందుకే దారం. జర్దోసి, పూసలు నిండుగా పడితే బట్ట లోపలికి గుంజుకుంటుంది. మా ముక్క మెడ దగ్గర మూడు ఎనిమిదో వంతుల ఇంచు గుంజుకుంది. ముందే కోసి ఉంటే మెడ చిన్నదయ్యేది.

కుట్టు పడే గీతకు ఇటు అర ఇంచు ఖాళీగా వదలమని వర్క్ చేసేవారికి గీసి చూపండి. కట్‌దానా మీద మిషన్ సూది పడితే సూది విరుగుతుంది, పూస పగిలి పక్క దారాన్నీ కోస్తుంది. గమ్‌తో అతికించే కుందన్ వద్దన్నాం. వెనక నుంచి ఇస్త్రీ తగిలితే గమ్ కరిగి పట్టు మీద నూనె మరకలా పరుచుకుంటుంది.

12, 13 రోజులు: కలీలు కలపడం

సూది 11వ నంబరు, కొత్తది. ఇంచుకు పది పన్నెండు కుట్లు. సన్న పాలిస్టర్ దారం. పాదం ఒత్తిడి కొంచెం తగ్గించాం, లేకపోతే పై పొర ముందుకు జరిగి, 40 ఇంచుల కుట్టు పూర్తయ్యేసరికి పావు ఇంచు తేడా వస్తుంది.

కుట్టు ఎప్పుడూ అంచు నుంచి నడుముకు. పైనుంచి కిందికి వస్తే తేడా అంతా అంచు దగ్గర బయటపడుతుంది, అంచు జరీ గీత ఒక పక్క మెట్టు దిగినట్టుంటుంది. అంచు భాగం 9 ఇంచులూ ముందు చేతితో, ఒక్కో జరీ గీతకు ఒక్కో టాకా వేసి బిగించాం. దీనికే సగం రోజు పట్టింది, పట్టాల్సిందే. అడ్డగీతలు కచ్చితంగా కలుస్తాయి. అంచులోని పువ్వులు మాత్రం వాలు కోత వల్ల కుట్టు దగ్గర సగం సగం అవుతాయి, దానికి మందు లేదు. కలీ నడుమ పూర్తి పువ్వు పడేట్టు చూసుకుంటే కన్ను దాని మీదే నిలుస్తుంది.

14వ రోజు: లైనింగ్

బాడీకి కాటన్, రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేసింది. నానబెట్టకుండా వాడితే చెమటకు లోపల కాటన్ కుంచించుకుని పైన పట్టు ముడతలు పడుతుంది.

ఘేర్‌కు శాంటూన్, 44 పన్నా, రెండుంపావు మీటర్లు. 6 కలీలు, పైన 7, కింద 18, పొడవు 38. ఒకటి నిటారు, ఒకటి తలకిందులు పేర్చితే పన్నాకు మూడు పడతాయి, 43 ఇంచుల్లో సరిపోతుంది. కింద 102 ఇంచుల చుట్టుకొలత వస్తుంది, అడుగు వేయడానికి చాలు. అనంతపురం ఎండాకాలపు పొడిగాలికి చౌక క్రేప్ కాళ్లకు అతుక్కుంటుంది, శాంటూన్ నయం.

ఘేర్‌ను ఉబ్బుగా నిలబెట్టే బిరుసు కాన్‌కాన్ నెట్ 16 ఇంచుల వెడల్పు, 3 మీటర్లవి రెండు పట్టీలు. లైనింగ్ కింది అంచుకు 16 ఇంచులు పైన, లోపలివైపు కుట్టాం. పట్టు వైపు పెడితే జరీ వెనక తేలే పోగులు నెట్‌కు తగులుకుని తెగుతాయి. లోపలివైపు కాళ్లకు గీరకుండా నెట్ కొసకు శాటిన్ రిబ్బన్, కుట్టు మీద మల్ పట్టీ.

15వ రోజు: నడుము

63 నుంచి 34కు తగ్గించాల్సింది 29. తొమ్మిది కలీలకు పంచితే ఒక్కో కలీకి మూడుంపావు. కాబట్టి కుచ్చులు కాదు, కలీ నడుమ ఒక్కో బాక్స్ ప్లీట్, అటూ ఇటూ 1.6 ఇంచులు లోపలికి. కలీకుట్లు ప్లీట్ల మధ్య చదునుగా పడతాయి, నడుము ఉబ్బదు. వెనక జిప్ 16 ఇంచులు, దాని రెండు పక్కలా అర ఇంచు ఏ మడతా లేకుండా వదిలాం. ప్లీట్ మందం మీదికి జిప్ ఎక్కితే అక్కడే ఇరుక్కుంటుంది, బలవంతంగా లాగితే పట్టు చిరుగుతుంది.

బరువు ఎవరు మోయాలి అన్నది ముఖ్యం. ఘేర్ అంతా బాడీకి వేలాడితే భుజాలు జారి, బోట్ నెక్ వెనక్కి పోతుంది. లోపల నడుము కుట్టు మీద ముప్పావు ఇంచు వెడల్పు సాగని టేపును 33 ఇంచులకు కోసి, ముందు నడుమా పక్కల్లోనూ మాత్రమే కుట్టి, వెనక హుక్ పెట్టాం. ముందు టేపు హుక్ పెట్టుకుని తర్వాత జిప్ వేయాలి. బరువు నడుము మీద కూర్చుంటుంది, జిప్ మీద పడదు.

చేతులు మోచేతి దాకా, 11 ఇంచులు, కింద సన్న అంచు. ఇందులో చెప్పేదేమీ లేదు.

16, 17 రోజులు

ఒక రోజు వేలాడదీసి నేల నుంచి కొలిచాం. తొమ్మిది కుట్లలో ఏడు సరిగ్గా ఉన్నాయి. రెండు చోట్ల పావు కంటే తక్కువ దిగింది. కింద ముట్టుకోకుండా, ఆ రెండు చోట్లా నడుము కుట్టు విప్పి సర్దుబాటు అర ఇంచులోంచి పైకి లాక్కున్నాం. కలీ ఎత్తులో ఆ అర ఇంచు వదిలింది ఇందుకే.

అంచు లోపలివైపు చీర ఫాల్ వేశాం, 3 ఇంచుల వెడల్పుది. చీరకు వేసినట్టే చేతికుట్టు. మడమ, నేల రాపిడి ఫాల్‌కు తగులుతుంది, జరీకి తగలదు. అరిగితే ఫాల్ మార్చుకోవచ్చు.

ఇస్త్రీ పొడిగా, పట్టు వేడి మీద, పైన తెల్ల కాటన్ గుడ్డ వేసి. మగ్గం పని ఉన్న చోట బాడీని బోర్లా తిప్పి, కింద మెత్తటి టవల్ మడత పెట్టి వెనక నుంచి.

తూకం వేస్తే కిలో 180 గ్రాములు. హ్యాంగర్‌కు భుజాల మీద తగిలించొద్దు. నడుము టేపుకు రెండు పక్కలా రిబ్బన్ లూపులు కుట్టాం, వాటితోనే తగిలించాలి. బీరువాలో పెట్టేటట్టయితే పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చాలి. నాఫ్తలీన్ ఉండలు, సెంటు జరీకి తగలనివ్వొద్దు.

మిగిలినవి: పల్లూ పట్టీ 5 ఇంచులు, సన్న అంచు దాదాపు మీటరున్నర, నాలుగు త్రికోణాలు. అంచు ముక్కను చుట్టచుట్టి, అదే దారం రీలుతో పాటు కవర్‌లో వేసి ఫ్రాక్‌తోనే ఇచ్చేశాం. రేపు వదులు చేయాల్సి వస్తే అదే రంగు బయట దొరకదు.